నూట పద్నాలుగో పేజీ

బొబ్బిలి,
4 ఆగస్టు 2019

మేష్టారికి సత్యరాజు నమస్కారాలు.

మీ పుస్తకం సోమవారం అందింది. మొదటి పేజీలో నా పేరు రాసి సంతకం పెట్టారు. చెయ్యి ఇంకా వణుకుతున్నట్టుంది.

ఇరవై ఆరేళ్ళుగా మన పద్ధతి ఒకటే. మీరు పుస్తకం ఇస్తారు, నేను చదివి ఉత్తరం రాస్తాను. మీరిక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పే రోజుల్లో, ఎనిమిదో తరగతితో బడి మానేసి జూట్ మిల్లులో తూకం గుమస్తాగా చేరిన నాకు ఒక పుస్తకం ఇచ్చి, “ఏమనిపించిందో నోటితో చెప్పకు, కాగితం మీద పెట్టు” అన్నారు. ఇప్పుడు మీరు విజయనగరంలో మీ అమ్మాయి జగదీశ్వరమ్మ దగ్గర ఉన్నారు. అక్కడికి రావడానికి నాకు బస్సులో రెండు గంటలు. ఐనా ఉత్తరమే రాస్తున్నాను. మా గ్లోరీని సమాధి చేసిన రోజు తరవాత మనం ఎదురుపడలేదు. అది ఇప్పట్లో నాకు సాధ్యమయ్యే పని కాదు.

మీ ఊరు గెడ్డపాలెం గురించి మీరు రాసిన నూట పదమూడు పేజీలూ బాగున్నాయి. ఉప్పు మళ్ళు పోయి కొబ్బరి తోటలు రావడం, పాకలో మొదటి బడి, కలరా వచ్చిన ఏట పడవలన్నీ ఒడ్డున ఉండిపోవడం, ఇవన్నీ చూసినట్టే ఉన్నాయి. అరవై ఒకటో పేజీలో బస్తా బరువు తప్పు పడింది. సరిచేసుకోండి.

నేను ఎదురుచూసింది ఆఖరి అధ్యాయం కోసం. పది నెలలు ఎదురుచూశాను. ఆ రోజు సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని మీరన్న మాటలు నాకు గుర్తున్నాయి. “ఇప్పుడు నోరు రావడం లేదు సత్యరాజూ. రాస్తాను. జరిగిందంతా రాస్తాను.” ఆ మాట మీదే మేం భార్యాభర్తలమిద్దరం ఊరుకున్నాం. ఎలీసమ్మకి చదువు రాదు కాబట్టి నేను పైకి చదివాను. నూట పద్నాలుగో పేజీలో ఇలా ఉంది:

“అకస్మాత్తుగా గాలి నిలిచిపోయింది. విరబోసుకున్న కురులను ప్రకృతికాంత ముడుచుకున్నట్టు, అలిగిన సముద్రుడు క్షణకాలం కనురెప్ప వాల్చినట్టు, గొప్ప నిశ్శబ్దం ఆవరించింది. ఆ నిశ్శబ్దంలోకి గ్లోరీ వెళ్ళింది. తెల్లవారేసరికి ఊరిలో కొబ్బరిచెట్టన్నది లేదు. గ్లోరీ కూడా లేదు.”

నూట పదిహేనో పేజీలో సహాయక శిబిరాలు మొదలయ్యాయి.

మీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే మీ పుస్తకం అది కూడా చెప్పలేదు. నా కూతురు అప్పటికి ఎచ్చెర్లలో తెలుగు ఎం.ఏ. చదువుతోంది. మీ చెయ్యి వణుకుతోందని, దసరా సెలవులకి ఇంటికి రాకుండా, మీ పుస్తకానికి సాపు ప్రతి రాయడానికి గెడ్డపాలెం వచ్చింది. వచ్చిన రెండో రాత్రి తుపాను. ఆమె మీ ఇంట్లో, మీ పక్క గదిలో ఉంది. అంత గాలిలో ఇల్లు విడిచి బయటికి ఎందుకు వెళ్ళింది?

ఎలీసమ్మ అడుగుతోంది. నేనూ అడుగుతున్నాను.

సత్యరాజు


విజయనగరం,
19 ఆగస్టు 2019

చిరంజీవి సత్యరాజుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెవులు ఆ తుపానుతోనే పోయాయి. జగదీశ్వరి ముందుగదిలో పిల్లలకు వీణ చెబుతుంటే తీగ మీద వేళ్ళు కదలడం కనిపిస్తుంది గాని చప్పుడు వినిపించదు. అందువల్ల కాగితం మీది మాటలే నాకు మిగిలినవి.

ఇక్కడ పుస్తకావిష్కరణ సభ బాగా జరిగింది. ఇద్దరు ముగ్గురు పెద్దలు ఆఖరి అధ్యాయం చదువుతుంటే కళ్ళు చెమర్చాయన్నారు. ఒక పత్రికలో నాలుగు మంచి మాటలు వచ్చాయి. అవేవీ నాకు లెక్కలోకి రావు. ఈ పుస్తకం బాగుందో లేదో నువ్వు చెప్పాలి. ఆ మాట నీ ఉత్తరంలో లేదు.

పుస్తకంలో అన్నీ పట్టవు, సత్యరాజూ. కొన్ని చోట్ల రచయిత మౌనంగా ఉండాలి. చెప్పకుండా వదిలినదాన్ని పాఠకుడి హృదయం పూరించుకుంటుంది. నీకు నేను నేర్పిన పాఠమే ఇది.

ఎలీసమ్మను అడిగానని చెప్పు. ఆ పేజీ దాటి ముందుకు చదువు. శిబిరాల భాగంలో ఊరివాళ్ళ మంచితనం గురించి రాశాను.

లక్ష్మీనరసింహం


బొబ్బిలి,
2 సెప్టెంబరు 2019

మేష్టారికి నమస్కారం.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. పుస్తకం బాగులేదు.

ఇంతకు ముందు కూడా పుస్తకాలు నన్ను నిరాశపరిచాయి. మీరు గొప్పదని పంపిన ఒక నవల చదివి, ఇందులో కూలివాళ్ళు కూలివాళ్ళలా మాట్లాడరని రాశాను. మీరు నవ్వుకుని ఒప్పుకున్నారు. ఒక స్వీయచరిత్రలో పెద్దమనిషి తన భార్య చావును మూడు వాక్యాల్లో ముగించి, సన్మానానికి పదకొండు పేజీలు ఇచ్చాడు. అప్పుడు నేను పుస్తకం మూసి ఊరుకోగలిగాను. వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళు నాకు మాట ఇవ్వలేదు.

మా మిల్లుకి గోగునార బేళ్ళుగా కట్టి వస్తుంది. బేలు ఉండవలసిన బరువు కంటే ఎక్కువ తూగితే, లోపలికి చెయ్యి పెట్టి చూస్తాం. తూకం పెరగాలని నీళ్ళు చల్లి ఉంటారు. మీ నూట పదమూడు పేజీల్లో ఒక్క ప్రకృతికాంత లేదు. నూట పద్నాలుగో పేజీలోనే వచ్చింది. అక్కడ చెయ్యి పెట్టాను. తడిగా ఉంది.

పాఠకుడి హృదయం పూరించుకుంటుందన్నారు. మా ఇంట్లో ఏం పూరించుకుంటున్నామో రాస్తాను. ఆ పేజీ చదివిన రోజు ఎలీసమ్మ బియ్యం ఏరుతోంది.

“ఏటి రాసినాడు నీ మేష్టరు? పిల్ల బైటికెందుకెల్లిందో రాసినాడా, నేదా?” అంది.

“లేదు. గాలి ఆగితే వెళ్ళిందని రాశారు” అన్నాను.

“గాలాగితే ఎల్లడానికి అదేటి ఆటకెల్లిందా? నిశ్శబ్దమంట, నిశ్శబ్దంలోకెల్లిందంట! ముసిలాడు ఇంట్లో కూకోని, నా పిల్లని దేనికో తోలినాడు. అందుకే సెప్పడం నేదు. నువ్వు సూడు, ఎప్పటికీ సెప్పడు.”

నేను కాదన్నాను. మేష్టారు అటువంటివారు కాదన్నాను.

“మరి ఎటువంటోడో నువ్వు సెప్పు. పాతికేళ్ళ నుంచి ఉత్తరాలు రాస్తన్నావు కదా” అంది.

ఆదివారం చర్చిలో నుంచి లేచి వచ్చేస్తోంది. పాట దగ్గరికి రాగానే లేస్తుంది. ఆ పాటల్లో కింది స్వరం, ఆల్టో, గ్లోరీ పాడేది. దసరాకి ముందు విజయనగరం వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటానంటోంది. కూర్చుంటుంది కూడా. అంతదాకా రానివ్వకండి. ఎందుకు వెళ్ళిందో ఒక్క వాక్యం రాయండి. ఉపమానం వద్దు.

సత్యరాజు


విజయనగరం,
23 సెప్టెంబరు 2019

సత్యరాజూ,

ఇరవై రోజులు కలం పట్టలేదు. ఇక దాచను.

నేనే పంపాను. గ్లోరీని ఆ గాలిలోకి పంపిన పాపిని నేనే. రాతప్రతి ఉన్న పెట్టె వీధికి అవతల గ్రంథాలయం గదిలో ఉండిపోయింది. అది శ్లాబు గది, మా పెంకుటిల్లు కంటే భద్రమని ముందురోజు అక్కడ పెట్టించాను. గాలి నిలవగానే నాలోని స్వార్థం నల్లనాగులా పడగ విప్పింది. అరవై ఏళ్ళ జ్ఞాపకాలు నీటి పాలవుతాయన్న భయం నా వివేకాన్ని కార్చిచ్చులా దహించింది. వెళ్ళి పెట్టె తెమ్మని ఆజ్ఞాపించాను. పూజాపుష్పం వంటి ఆ బిడ్డ, గురువాజ్ఞను శిరసా వహించి వెళ్ళింది. తిరిగి రాలేదు. నువ్వు చేతుల్లో పట్టుకుని చదివిన పుస్తకం ఆ పెట్టెలోనిదే.

ఎలీసమ్మకు చదివి వినిపించు. ఆమె నన్ను ఎన్ని మాటలన్నా తక్కువే. గుమ్మంలో కూర్చుంటానంటే రమ్మను. తలుపు తీసే ఉంచుతాను.

లక్ష్మీనరసింహం


బొబ్బిలి,
6 అక్టోబరు 2019

మేష్టారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి వినిపించాను. ఎలీసమ్మ చాలాసేపు మిమ్మల్ని తిట్టింది. అవి రాయను. తరవాత లేచి కాళ్ళు కడుక్కుని, అన్నం వండి, తను కూడా కడుపు నిండా తిన్నది. సంవత్సరంలో అలా తినడం నేను చూడలేదు. పార్వతీపురంలో ఉన్న చెల్లెలు దానమ్మకి ఫోన్ చేసి, “తెలిసిపోయినాదే, ఆ ముసిలోడే పంపినాడంట” అని చెప్పింది. మొన్న ఆదివారం చర్చిలో పాట అయేదాకా కూర్చుంది.

ఇక్కడితో ఆపేయవచ్చు. ఆపేయాలని మూడు రోజులు అనుకున్నాను.

కాని మేష్టారూ, మీ ఉత్తరం నేను నమ్మడం లేదు. గ్రంథాలయం, శ్లాబు, పెట్టె, ఇవి నిజం. ఆ తరవాత పాము వచ్చింది, కార్చిచ్చు వచ్చింది, పువ్వు వచ్చింది. మీరు ఆమెతో ఏ మాట అన్నారో లేదు. ఆమె మీతో ఏమందో లేదు. గ్లోరీ మాట్లాడకుండా వెళ్ళే పిల్ల కాదు. మంచినీళ్ళు తెమ్మంటే “గ్లాసుతోనా చెంబుతోనా” అని అడుగుతుంది. శిరసా వహించేది మా ఇంట్లో ఎవరూ లేరు.

నేను మీ దగ్గర ఒకటి దాచాను. ఇప్పుడు రాస్తున్నాను.

రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు జరిగింది నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటని మీకు తెలుసు. గత అక్టోబరు పదో తేదీ కింద ఇలా ఉంది: “సా. 6.40 గ్లోరీ ఫోన్. తుపాను వస్తుందన్నారట. మేష్టారి కాగితాలు జాగ్రత్త అని చెప్పితిని.”

అంతే రాసుకున్నాను. నేను చెప్పింది అంతే కాదు. “ఇక్కడ గాలి మొదలయింది నాన్నా, భయమేస్తోంది” అంది. ధైర్యం చెప్పాలి కదా, నవ్విస్తే భయం పోతుందనుకున్నాను. “మేష్టారి కాగితాలు జాగ్రత్తమ్మా. నువ్వు తడిస్తే ఆరిపోతావు, అవి తడిస్తే ఆరవు” అన్నాను. ఆమె నవ్వింది. “అలాగే నాన్నా, ముందు కాగితాలు, తరవాతే నేను” అంది. అప్పుడు సిగ్నల్ పోయింది. ఎలీసమ్మ ఆ సమయంలో కొళాయి దగ్గర ఉంది. ఆ మాట ఆమె వినలేదు. ఈ సంవత్సరంలో నేను చెప్పలేదు.

మీ పుస్తకం కోసం పది నెలలు నేను ఎందుకు ఎదురుచూశానో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. మీరు పంపారని అందులో రాసి ఉండాలని కోరుకున్నాను. నాకూ గ్లోరీకీ గురువైన మనిషి మీద ఆ పాపం పడాలని కోరుకుని పేజీలు తిప్పాను. అది మీరు రాయలేదు. ఇప్పుడు ఉత్తరంలో రాస్తే, రాసిన తీరు చూసి నమ్మలేకపోతున్నాను.

బయటికి వెళ్ళే ముందు ఆమె ఏమంది? నా పేరు ఎత్తిందా?

సత్యరాజు


విజయనగరం,
15 అక్టోబరు 2019

సత్యరాజూ,

నువ్వు అడిగినట్టే రాస్తున్నాను.

తెల్లవారుజామున గాలి ఒక్కసారిగా ఆగింది. మేము వంటగదిలో గోడ పక్కన కూర్చుని ఉన్నాం. అప్పటికి పెంకులు సగం లేచిపోయాయి. గ్లోరీ తలుపు తీసి చూసింది. వీధికి అవతల గ్రంథాలయం కిటికీ ఊడిపోయి కనిపించింది. “గదిలోకి నీళ్ళు వెళ్ళిపోతాయి మేష్టారూ, పెట్టె తెచ్చేస్తాను” అంది.

నేను “వద్దమ్మా, కాసేపు చూద్దాం” అన్నాను.

“నాన్నకి మాటిచ్చాను. నేను తడిస్తే ఆరిపోతానట, అవి తడిస్తే ఆరవట” అని నవ్వుతూ చున్నీ నడుముకి కట్టుకుంది.

పక్కింటి కూర్మమ్మ వాళ్ళ గుమ్మంలోంచి కేక వేసింది. ఆమె మొగుడు, మావ, అందరూ వేటకెళ్ళేవాళ్ళు. “ఎల్లకు పాపా! ఇది ఆగడం కాదు, తుపాను కన్ను. గాలి మళ్ళీ తిరిగి ఎనకనుంచొస్తాది” అంది. గ్లోరీ నా వైపు చూసింది. వెళ్ళమంటారా, వద్దంటారా అన్నట్టు చూసింది. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. కూర్మమ్మ మాట నాకు వినిపించింది. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, చదువులేని మనిషి చెప్పిందని కొట్టిపారేయలేదు, ఆ మాట నిజమని నాకు తెలుసు. అయినా రెండోసారి వద్దనలేదు. నాకు ఆ పెట్టె కావాలి.

వెళ్ళడానికి నలభై అడుగులు. వెళ్ళింది. పెట్టె బరువని అందులోంచి కాగితాలు తీసి, టార్పాలిన్ సంచిలో చుట్టి, కడుపు దగ్గర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. వీధి మధ్యకి వచ్చేసరికి గాలి అవతలి వైపు నుంచి వచ్చింది. కూర్మమ్మ ఇంటి ముందున్న కొబ్బరిచెట్టు పడింది. చప్పుడు విన్నాను. నేను విన్న ఆఖరి పెద్ద చప్పుడు అదే.

గాలి తగ్గాక కూర్మమ్మ కొడుకులు చెట్టు కోసి తీశారు. సంచి ఆమె కింద ఉంది. ఒక్క కాగితం తడవలేదు.

నూట పద్నాలుగో పేజీ పదిహేడుసార్లు రాశాను. ఆమె అన్న మాట రాస్తే నువ్వు బతకవనుకున్నాను. అది రాయకుండా మిగిలింది రాద్దామంటే, నేను వద్దనకపోవడం రాయవలసి వచ్చింది. అందుకని రెండూ తీసేశాను. తీసేసిన చోట ప్రకృతికాంతను కూర్చోబెట్టాను. నువ్వు పట్టుకుంటావని నాకు తెలిసే ఉండాలి.

ముందు ఉత్తరంలో నేనే పంపానని రాసింది నీ కోసం. అందులోనూ నువ్వు చెయ్యి పెట్టి చూశావు.

లక్ష్మీనరసింహం


బొబ్బిలి,
11 నవంబరు 2019

మేష్టారికి నమస్కారం.

జవాబు ఆలస్యమయింది.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఎలీసమ్మ ఇంట్లో లేదు. ఒక్కడినే చదువుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. తొమ్మిది రోజులు మిల్లుకి జేబులో పెట్టుకునే వెళ్ళాను. ఆమె కొద్దికొద్దిగా మామూలు మనిషి అవుతోంది. గ్లోరీ బట్టలు ఉతికి ఆరేసింది. పాత ఫోటోకి ఫ్రేము కట్టించమంది. మీ మీద కోపం ఆమెకి పనికొస్తోంది. దాన్ని తీసేసి నన్ను అక్కడ పెట్టడం అవసరమా అనుకున్నాను.

పదో రోజు ఆమెకి పైకి చదివాను. గాలి ఆగడం చదివాను. కిటికీ ఊడిపోవడం చదివాను. ‘వద్దమ్మా, కాసేపు చూద్దాం’ దాకా వచ్చాను. తరవాతి వాక్యం నాకు కనిపిస్తూనే ఉంది. దాన్ని దాటేసి కూర్మమ్మ దగ్గరికి వెళ్ళిపోతే ఎలీసమ్మకి ఎప్పటికీ తెలియదు. ఆమెకి చదువు రాదు. మీరు నూట పద్నాలుగో పేజీ ఎలా రాశారో అప్పుడు తెలిసింది. అది తెలిశాక మీ మీద నాకు కోపం లేదు. మీ పుస్తకం మీద ఉంది.

దాటకుండా చదివాను.

“మళ్ళీ సదువు” అంది.

చదివాను.

“ఆ ఒక్క ముక్కే సదువు.”

చదివాను.

“అన్నావా?” అంది.

“అన్నాను.”

“నవ్వతా అన్నావా?”

“నవ్వుతూనే.”

పళ్ళెంలో అన్నం అలాగే ఉండిపోయింది. మర్నాడు, ఆ మర్నాడు వంట చేసి పెట్టింది. మూడో రోజు పొద్దున్న సంచిలో బట్టలు సర్దుకుంటూ మాట్లాడింది. దానమ్మ దగ్గరికి పోతున్నానంది. ఎన్నాళ్ళకి అంటే చెప్పలేదు.

మేష్టారూ, నా అభిప్రాయం అడిగారు కదా. ఈ పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తే నూట పద్నాలుగో పేజీ తీసేయండి. మీరు నాకు రాసిన ఆఖరి ఉత్తరం అక్కడ పెట్టండి. మాటలు మార్చకండి. నాన్న అన్న చోట నా పేరు, ఊరు వేయండి. మీది కూడా ఉంచండి. అప్పుడు పుస్తకం బాగుంటుంది. నేను మాత్రం చదవను. ఇక పుస్తకాలు పంపకండి. మీ మీద అలిగి కాదు. తీసి ముందు పెట్టుకుంటున్నాను, అక్షరాలు కనిపిస్తున్నాయి, లోపలికి పోవడం లేదు.

ఎలీసమ్మను బస్సు ఎక్కించడానికి కాంప్లెక్సు దాకా వెళ్ళాను. సంచి నేను పట్టుకున్నాను, ఇచ్చింది. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“పాతికేళ్ళు సదివినావు. ఆ బీరువా నిండా పుస్తకాలే. తుపానొస్తాది, బయమేస్తంది నాన్నా అని పిల్ల అంటే, సెప్పడానికి నీకు వాటిలో ఇంకో మాట దొరకనేదా?” అంది.

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కండక్టరు లోపలికి రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. నేను చెబుతానేమోనని కాసేపు చూసింది. తరవాత ఎక్కి కూర్చుంది.

సత్యరాజు